విశాఖలో సర్వర్, హైదరాబాద్‌లో దాని నకలు

ప్రశ్న: మాది విశాఖపట్నంలో మందుల టోకు వ్యాపారం. బిల్లింగ్, స్టాకు లెక్కలు లినక్స్ సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నడుస్తున్నాయి. డేటా ఒక డిస్కు మీద, డేటాబేస్ లాగ్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా) మరో డిస్కు మీద, రెండూ కలిపి 2 టీబీ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేక పడ్డ అవస్థ మరచిపోలేదు. అందుకే హైదరాబాద్ బ్రాంచిలో డీఆర్ (విపత్తులో ఆదుకునే) సర్వర్ పెట్టి, డిస్కు రాతలను నెట్‌వర్క్ మీదుగా మరో సర్వర్‌కు నకలు చేసే లినక్స్ సాఫ్ట్‌వేర్ డీఆర్‌బీడీతో రెండు డిస్కులనూ అక్కడికి రెప్లికేట్ చేయాలనుకుంటున్నాం. ఒక్క బిల్లు కూడా పోకుండా సింక్రనస్‌గా పెట్టమని ఒకరు, వద్దని మరొకరు అంటున్నారు. ఇది పెట్టాక రోజూ రాత్రి తీసే బ్యాకప్ మానేయవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దన్నవారి మాటే వినండి. సింక్రనస్ పద్ధతిలో, అంటే డీఆర్‌బీడీ భాషలో ప్రోటోకాల్ సి పెడితే, హైదరాబాద్ డిస్కు మీద కూడా రాత పూర్తయిందని కబురు తిరిగి వచ్చేదాకా విశాఖలోని డేటాబేస్ ఆగి ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య దూరం 600 కిలోమీటర్లు దాటుతుంది, ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి, మధ్యలో ఒక్క రౌటర్ లేదనుకున్నా రానుపోను 6 మిల్లీసెకన్లు తప్పవు. వాస్తవంలో దానికి రెండు మూడు రెట్లు పట్టడం మామూలే. ఒక బిల్లుకు అది తెలియదు. ధరల పట్టిక మార్చేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా 10,000 కమిట్లు (మార్పును ఖాయం చేసే రాతలు) జరిగాయనుకోండి, 20 మిల్లీసెకన్ల చొప్పున 200 సెకన్లు కేవలం ఎదురుచూపులకే పోతాయి.

అంత ఓర్చుకున్నా ‘ఒక్క బిల్లు కూడా పోదు’ అన్న హామీ నిలబడదు. లింకు తెగినప్పుడు డీఆర్‌బీడీ కాసేపు చూసి, అవతలి సర్వర్‌ను వదిలేసి, ఇక్కడి డిస్కు మీద ఒంటరిగా రాసుకుంటూ పోతుంది. తుఫానులో ముందుగా పోయేది లింకే. అది తెగిన క్షణం నుంచి మీ సర్వర్ ఆగిపోయే క్షణం వరకు కొట్టిన బిల్లులు ఏ ప్రోటోకాల్ పెట్టినా హైదరాబాద్ చేరవు. అందుచేత ప్రోటోకాల్ ఎ పెట్టుకోండి: ఇక్కడి డిస్కు మీద రాసి, పంపవలసిన డేటాను నెట్‌వర్క్ బఫర్‌లో (పంపేముందు అది కాసేపు ఆగే మెమరీలో) వేయగానే రాత పూర్తయినట్టే లెక్క. డేటా మాత్రం విపిఎన్ (ఇతరులు చదవలేని ప్రైవేటు దారి) లోపల నుంచే వెళ్లాలి.

మీ ప్రశ్నలో మీరు అడగకుండా వదిలేసిన విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. డీఆర్‌బీడీలో డేటా డిస్కుకు ఒక రిసోర్సు (ఒకే కనెక్షన్ మీద నకలయ్యే డిస్కుల జట్టు), లాగ్ డిస్కుకు మరో రిసోర్సు చొప్పున విడివిడిగా పెట్టడం చాలామంది చేసే పని. కాన్ఫిగరేషన్ ఫైలు చూడటానికి పొందికగా ఉంటుంది కూడా. కానీ రెండు రిసోర్సులంటే రెండు వేర్వేరు కనెక్షన్లు, ఒకటి పది సెకన్లు వెనకబడినా రెండోదానికి తెలియదు. ఆ స్థితిలో విశాఖ సర్వర్ పోతే, హైదరాబాద్‌లో 10 గంటల 5 నిమిషాల నాటి డేటా, దానికంటే పది సెకన్లు పాతదైన లాగ్ మిగులుతాయి. పోస్ట్‌గ్రెస్ ముందు లాగ్ రాసి ఆ తర్వాతే డేటా రాస్తుంది. ఆ వరుస తప్పితే అది లేవకపోవచ్చు, లేచినా లెక్కలు తప్పుగా ఉండవచ్చు. ఒకే రిసోర్సు కింద రెండు డిస్కులనూ రెండు వాల్యూములుగా (భాగాలుగా) పెడితే రెండూ ఒకే కనెక్షన్ మీద, రాసిన వరుసలోనే వెళ్తాయి. అప్పుడు అక్కడ మిగిలేది కరెంటు పోయిన సర్వర్‌లో ఉండే స్థితి లాంటిదే కాబట్టి, పోస్ట్‌గ్రెస్ తన లాగ్ చదువుకుని తానే కోలుకుంటుంది.

ఈ వరుస రీసింక్‌లో, అంటే వెనకబడిన నకలును మళ్లీ సమానం చేసేటప్పుడు, మాత్రం ఉండదు. తెగిన లింకు తిరిగి రాగానే, మధ్యలో మారిన బ్లాకులను డీఆర్‌బీడీ డిస్కు మీద అవి ఉన్న క్రమంలో పంపుతుందే తప్ప, రాసిన క్రమంలో కాదు. అది ముగిసేదాకా హైదరాబాద్ డిస్కు స్థితి ‘ఇన్‌కన్సిస్టెంట్’ అని కనిపిస్తుంది, అది వాడుకకు పనికిరాదు. తుఫాను రోజున లింకు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి సరిగ్గా ఆ మధ్యలోనే విశాఖ సర్వర్ ఆగిపోయే ప్రమాదం బాగా ఉంది. రీసింక్ మొదలయ్యే ముందు సెకండరీ (నకలు ఉండే హైదరాబాద్ సర్వర్) మీద ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కు స్థలాన్ని పంచే ఏర్పాటు) స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్కు ఉన్న స్థితి ప్రతి, తీసే స్క్రిప్టు డీఆర్‌బీడీతోనే వస్తుంది. దాన్ని ‘బిఫోర్ రీసింక్ టార్గెట్’ హ్యాండ్లర్‌గా (ఆ సమయానికి దానంతటదే నడిచేలా) పెట్టండి. ఇందుకోసం హైదరాబాద్ డిస్కులు ఎల్‌వీఎం మీద ఉండాలి, వాల్యూమ్ గ్రూపులో (ఎల్‌వీఎం ఉమ్మడి స్థలంలో) స్నాప్‌షాట్‌కు ఖాళీ వదలాలి. డిస్కులు కొనకముందే ఆలోచించవలసిన సంగతి ఇది.

మొదటి నకలును నెట్ మీద పంపకండి. 100 ఎంబీపీఎస్ లింకు మొత్తం దానికే ఇచ్చినా 2 టీబీకి 44 గంటలు దాటుతుంది. డిస్కు కాపీ చేసి రాత్రి రైల్లో మనిషితో పంపడమే మేలు, డీఆర్‌బీడీ పత్రాల్లోనూ ఈ పద్ధతి వివరంగా ఉంది. ఆ తర్వాత రోజుకు 20 జీబీ మారినా మొత్తం మీద అరగంటలోపు పని. అయితే ఆ 20 జీబీ రోజంతా సమానంగా రాదు కాబట్టి, రద్దీ వేళలో డిస్కు మీద ఎంత రాస్తున్నారో ఒక వారం ఐఓస్టాట్ అనే లినక్స్ కమాండ్‌తో కొలిచి బఫర్ సైజు నిర్ణయించండి.

ఫెయిలోవర్ (ఒక సర్వర్ పోతే పనిని రెండోదానికి మార్చడం) ఆటోమేటిక్‌గా పెట్టవద్దు. లింకు ఒక్కటే తెగితే రెండు సర్వర్లూ తామే ప్రైమరీ (రాతలు తీసుకునే అసలు సర్వర్) అనుకుంటాయి, రెండు ఊళ్లలోనూ బిల్లులు పడతాయి, వాటిని డీఆర్‌బీడీ కలపలేదు. ఏదో ఒకవైపు డేటాను పారేయక తప్పదు. హైదరాబాద్‌ను ప్రైమరీ చేయమని చెప్పే అధికారం ఎవరిదో, వారు ఫోనుకు అందకపోతే తర్వాత ఎవరిదో కాగితం మీద రాసి రెండుచోట్లా ఉంచండి.

బ్యాకప్ మాత్రం మానకండి. ఇక్కడ పొరపాటున తొలగించిన పట్టిక అక్కడా వెంటనే మాయమవుతుంది, రాన్సమ్‌వేర్ గిలికిన బ్లాకులు కూడా యథాతథంగా చేరతాయి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు సెకండరీ అనుకుని ప్రైమరీ డేటాబేస్ ఫోల్డర్‌ను తొలగించారు. అప్పుడు వారిని ఆదుకున్నది రెప్లికా కాదు, సుమారు 6 గంటల కిందటి స్నాప్‌షాట్.

ఒక మాట: సర్వర్ మీద డేటాబేస్ తప్ప మరేమీ లేకపోతే నేనైతే డీఆర్‌బీడీ జోలికి పోకుండా పోస్ట్‌గ్రెస్ స్ట్రీమింగ్ రెప్లికేషన్‌తో (డేటాబేస్ తన లాగ్‌ను తానే రెండో సర్వర్‌కు పంపే పద్ధతితో) సరిపెడతాను. డ్రగ్ లైసెన్సుల స్కాన్లు, ఇన్వాయిసు ఫైళ్లు కూడా అదే డిస్కుల మీద ఉంటే మీ ఆలోచనే సరైనది.

ప్రశ్న: మా ఆఫీసులో టాలీ ఒక విండోస్ వర్చువల్ మెషిన్‌లో నడుస్తోంది. దాన్ని మరో సర్వర్‌కు నకలు చేసే మైక్రోసాఫ్ట్ హైపర్-వి రెప్లికాలో, మార్పులు పంపడానికి 15 నిమిషాల విరామం సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గంటకు పది వోచర్లు ఎక్కించే ఆఫీసైతే చాలు, వాటిని మళ్లీ ఎక్కించుకోవచ్చు. అంతకంటే ఎక్కువైతే 5 నిమిషాలు పెట్టండి. 30 సెకన్ల విరామం కూడా ఉంది గాని మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద అది వెనకబడే అవకాశం ఎక్కువ. పేజ్ ఫైలును (మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే తాత్కాలిక ఫైలును) వేరే వర్చువల్ డిస్కు మీదికి మార్చి, ఆ డిస్కును రెప్లికేషన్ నుంచి తప్పిస్తే పనికిరాని డేటా చాలావరకు తగ్గుతుంది. గంటకొకటి చొప్పున 24 వరకు రికవరీ పాయింట్లు (వెనక్కి వెళ్లగలిగే పాత స్థితులు) దాచుకునే వీలుంది, దాన్ని వాడుకోండి. మూడు నెలలకొకసారి ‘టెస్ట్ ఫెయిలోవర్’ చేసి, లేచిన మెషిన్‌లో టాలీ తెరిచి నిన్నటి డేబుక్ సరిచూడండి. ఆ పరీక్ష అసలు మెషిన్‌ను గాని, నడుస్తున్న రెప్లికేషన్‌ను గాని ఆపదు.