17 ఏళ్ల ఉద్యోగం వదిలి ‘లీడర్లకు కోచింగ్’ అంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది కావలి. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయికి 41 ఏళ్లు. బెంగళూరులో పెద్ద కంపెనీలో 17 ఏళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉంది, మంచి జీతం. రెండేళ్లుగా పండక్కి వచ్చినా ల్యాప్‌టాప్ వదలదు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి కావలి వచ్చేస్తుందట. కంపెనీల్లో పై స్థాయి వాళ్లకు సెల్ఫ్‌కేర్ కోచింగ్ ఇస్తుందట. ఫ్లాటు లోను తీరలేదు, మనవడు ఎనిమిదో తరగతి. అల్లుడు అవుననీ కాదనీ ఏమీ మాట్లాడటం లేదు. అసలు ఇదొక ఉద్యోగమేనా? వద్దని గట్టిగా చెప్పనా? నలుగురూ అడిగితే ఏమని చెప్పను?

జవాబు: మాస్టారూ, ఉద్యోగమే, అందులో సందేహం పెట్టుకోకండి. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుందని మీరు రాసిన మాట. ఆమె ముందు రెండు నిర్ణయాలున్నాయి. ఇప్పటి ఉద్యోగం నుంచి బయటపడటం ఒకటి, కొత్త వృత్తిలోకి వెళ్లడం ఇంకొకటి. రెండింటినీ కలిపి ఒకటిగా చూస్తోందేమోనని నా అనుమానం. బాగా అలిసిపోయినవాళ్లకు ఏ కొత్త పనైనా హాయిగానే కనిపిస్తుంది. అందుకే రాజీనామా కన్నా ముందు సెలవు పెట్టమనండి, జీతం లేని సెలవైనా సరే, నెలో నెలన్నరో. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాక కూడా ఇదే పని చేయాలనిపిస్తే ఆ కోరికను నమ్మవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. జబ్బుగా చేర్చలేదు, పని వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. ఒంట్లో సత్తువ పోవడం, పని మీద విరక్తి, చేసేది సరిగ్గా చేయలేకపోతున్నాననే భావన దాని లక్షణాలు. అవి ఆమెలో ఉన్నాయేమో ఆమే నిజాయితీగా చూసుకోవాలి. ఆ స్థితిలో ఉండి ఇంకొకరిని గట్టెక్కించడం చాలా కష్టం.

ఇక పని సంగతి. ఒక ఫ్యాక్టరీ హెడ్ నెలకు రెండుసార్లు, గంటసేపు, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే కోచ్‌తో మాట్లాడతారనుకోండి. ఇద్దరూ ఆయన క్యాలెండర్ ముందు పెట్టుకుంటారు. ఏ మీటింగుకు ఆయన తప్పనిసరి, ఏది కిందివాళ్లకు అప్పగించవచ్చు, భోజనం ఎన్నింటికి చేస్తున్నారు, ఇంటికెళ్లాక ఫోన్ ఎప్పుడు పక్కన పెడుతున్నారు, ఇలాంటివే మాట్లాడతారు. కోచ్ సలహాలు గుప్పించకూడదు, ప్రశ్నలు అడగాలి. ఏం మార్చుకోవాలో ఆయనే తేల్చుకుంటారు, మళ్లీసారి కలిసినప్పుడు అది ఎంతవరకు వచ్చిందో కోచ్ అడుగుతారు. కంపెనీ దీనికి డబ్బెందుకు ఇస్తుందని మీకు అనిపించవచ్చు. పైవాళ్ల అలవాట్లు కిందికి దిగుతాయి మాస్టారూ. బాస్ అర్ధరాత్రి మెయిల్ పెడితే టీమంతా ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటుంది. నిద్రలేని మనిషి తీసుకున్న నిర్ణయానికి నష్టం భరించేది కంపెనీయే.

ఇలాంటి సాయం అవసరమైనవాళ్లు మన దగ్గరా చాలామంది ఉన్నారు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి, ఎయిరేటర్లు ఆగిపోతాయేమోనని రాత్రంతా మేలుకునే రొయ్యల రైతులను మీరు చూసే ఉంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు వాళ్ల టెన్షన్ మాటల్లో చెప్పలేనిది. చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల యజమానులు, నెల్లూరు ఆసుపత్రులు నడిపే డాక్టర్లు, రెసిడెన్షియల్ కాలేజీల ప్రిన్సిపాళ్లు, వీళ్లందరిదీ అదే బాధ. సెల్ఫ్‌కేర్ కావాలని వీళ్లెవరూ రారు. బీపీ పెరిగిందనో, ఇంట్లో ఊరికే కోపం వస్తోందనో, నిద్ర పట్టడం లేదనో వస్తారు. మీ అమ్మాయి ఆ మాటల్లోనే వాళ్లతో మాట్లాడగలిగితే, బెంగళూరు కోచ్‌లు చేయలేని పని చేయగలదు. ఆ అవకాశమే నాకు ఎక్కువ నచ్చింది. కాకపోతే మొదటి ఏడాది ఇల్లు గడిచే డబ్బు ఇక్కడి నుంచి రాదు. పాత పరిచయాలున్న బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలే ఆధారం. కావలి స్టేషన్లో రైలెక్కితే చెన్నై కూడా దగ్గరే.

మన దేశంలో కోచ్‌గా పనిచేయడానికి లైసెన్సు అక్కర్లేదు. అందుకే రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చేస్తామనే ప్రకటనలు ఎక్కువ, వాటి జోలికి పోవద్దు. కంపెనీలు ఎక్కువగా గుర్తించేది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అర్హతలను. అందులో మొదటి మెట్టు ఏసీసీ. దానికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి, ఆ వందలో 75 గంటలు డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. పై మెట్టు పీసీసీకి 500 గంటల అనుభవం. లెక్కల మాస్టారు కదా, వారానికి రెండు గంటలు చేస్తే ఆ వంద పూర్తవడానికి ఏడాది పడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడాది ఉద్యోగంలో ఉంటూనే గడపమనండి. అయితే బయటి పని చేయకూడదనే షరతు చాలా కంపెనీల నియామక పత్రాల్లో ఉంటుంది. రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే ఫీజు తీసుకోవాలి. హెచ్‌ఆర్‌లో ఉన్న మనిషి కాబట్టి ఈ విషయం ఆమెకే బాగా తెలుస్తుంది.

ఒక విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. కోచ్ డాక్టరు కాదు. వారాల తరబడి నిద్రలేనివాళ్లను, బతకాలని లేదనేవాళ్లను వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు మొదటి రోజే క్లయింట్‌కు ఇచ్చే కోచ్‌నే నేను నమ్ముతాను.

వద్దని గట్టిగా చెప్పకండి. 41 ఏళ్ల కూతురు వినదు, మీకు చెప్పడం మానేస్తుంది. దానికి బదులు లెక్క అడగండి. ఏడాది ఇంటి ఖర్చు, లోను వాయిదాలు, అబ్బాయి ఫీజులు పక్కన పెట్టగలదా? సొంత కంపెనీతో సంబంధం లేని ముగ్గురు ఈ పనికి డబ్బిచ్చి మళ్లీ వచ్చారా? రెండింటికీ అవునని చెబితే అడ్డుపడాల్సిన పని లేదు. నలుగురూ అడిగితే, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఆరోగ్యం చెడగొట్టుకోకుండా పనిచేయడం నేర్పుతోందని చెప్పండి, అర్థమవుతుంది. అల్లుడు గారి మౌనం వెనక డబ్బు భయం ఉండవచ్చు, ఈ లెక్కలకు ఆయన్నీ కూర్చోబెట్టండి. రాజీనామాతో కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ ముందే తీసుకోండి. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆ గ్రూప్ పాలసీనే వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే బీమా కంపెనీని అడగమనండి.