లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్, 33 అంగుళాల టైర్లు వేయిస్తే ఆర్సీ, ఇన్సూరెన్స్ చెల్లుతాయా?

ప్రశ్న: నా దగ్గర ఫోర్ బై ఫోర్ డబుల్ క్యాబ్ పికప్ ఉంది. సొంత వాడకానికే, తెల్ల నంబరు ప్లేటు. బ్యాంకు లోను ఇంకా నడుస్తోంది. ఆఫ్ రోడ్ కోసం వెనక కమాన్ పట్టీలు తీసేసి ఫోర్ లింక్ (యాక్సిల్‌ను పట్టి ఉంచే నాలుగు కడ్డీలు), కాయిలోవర్లతో (స్ప్రింగు చుట్టిన షాక్ అబ్సార్బర్లు) చక్రం ఎక్కువ మేర పైకీ కిందికీ కదిలే లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ పెట్టించాలని, 245/70 ఆర్16 టైర్ల స్థానంలో 285/75 ఆర్16 టైర్లు వేయించాలని అనుకుంటున్నాను. ‘ఇంజిన్, ఛాసిస్ ముట్టుకోం కాబట్టి ఆర్టీఏ అనుమతి అక్కర్లేదు’ అంటున్నారు గ్యారేజీవాళ్లు. 50 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చాను. వాళ్ల మాట నిజమేనా? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిజం కాదు. పని ఇంకా మొదలుకాకపోతే వెంటనే ఆపించండి.

కమాన్ పట్టీలు బరువు మోయడంతో సరిపెట్టవు. వెనక యాక్సిల్ ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరగకుండా పట్టి ఉంచేది కూడా అవే. వాటిని తీసేస్తే ఆ పని లింకులు చేయాలి. ఆ లింకుల బ్రాకెట్లను వెల్డింగ్ చేసేది ఛాసిస్ రైలుకే. పట్టీలను వేలాడదీసే పాత స్ప్రింగ్ హ్యాంగర్లను కోసి తీసేదీ అక్కడి నుంచే. పొడవాటి కాయిలోవర్లు పట్టాలంటే వెనక బెడ్ ఫ్లోర్ కోసి, వాటిని బిగించే షాక్ టవర్లు నిలబెట్టాలి. ఇన్ని చేసి ఛాసిస్ ముట్టుకోలేదనడం కుదరదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52(1) చెప్పేది ఇదీ: ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌తో తేడా పడేలా యజమాని బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే అది ‘ఆల్టరేషన్’ అని అదే సెక్షన్ వివరణ. మోటారు వాహనాల రూల్స్‌లోని కొలతల పరిధి దాటకపోతే చాలు కదా అన్న వాదనకు కేరళ హైకోర్టులో మొదట ఆదరణ దొరికింది. ఆర్టీవో వర్సెస్ కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రూల్స్ చట్టానికి లోబడే ఉంటాయనీ, తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చిన బండి సెక్షన్ 52 ముందు నిలవదనీ చెప్పింది. మీ గ్యారేజీవాళ్లు ఇంకా ఆ తీర్పుకు ముందు కాలం మాటే చెబుతున్నారు.

ఇప్పుడు మీ ఆర్సీ తీసి చూడండి. వీల్‌బేస్ మిల్లీమీటర్లలో, ఖాళీ బరువు కిలోల్లో, బాడీ రకం రాసి ఉంటాయి. ఫోర్ లింక్ పెట్టేటప్పుడు పెద్ద టైరు బెడ్ అంచుకు తగలకుండా యాక్సిల్‌ను కాస్త వెనక్కి జరపడం మామూలే. రెండు సెంటీమీటర్లు జరిగినా వీల్‌బేస్ ఆర్సీకి తేడా వస్తుంది. ఖాళీ బరువు ఎలాగూ మారుతుంది. తూకం వేయిస్తే చాలు, ఎవరూ వాదించనక్కర్లేదు. పసుపు ప్లేటు గూడ్సు బండ్లకు ఇంకో చిక్కుంది: వాటి రిజిస్ట్రేషన్ వివరాల్లో టైర్ల సైజు, యాక్సిల్ బరువు కూడా ఉంటాయి. మీ ఆర్సీలో టైరు సైజు కనిపించకపోవచ్చు. అంతమాత్రాన ఏ సైజైనా వేయవచ్చని కాదు. తయారీదారు ఆమోదించిన సైజులు డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు మీద, ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటాయి. అదే మోడల్ పై వేరియంటులో వచ్చే సైజు వేసినా, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకునే వేగం) తగ్గకపోతే, నా దృష్టిలో ఇబ్బంది రాదు. 285/75 ఆర్16 మాత్రం ఆ కోవలోది కాదు.

ఎంత తేడానో చూద్దాం. మీ పాత టైరు వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు, కొత్తది 834. అంటే 11 శాతం పెద్దది. స్పీడోమీటరు 80 చూపించేసరికి బండి 89లో పోతుంటుంది. అదే బ్రేకు ఒత్తిడికి రోడ్డు మీద దొరికే ఆపే బలం పదో వంతు తగ్గుతుంది. డిఫరెన్షియల్‌లో 4.10 నిష్పత్తి గేర్లుంటే పాత లాగుడు తిరిగి రావడానికి 4.56 కావాలి. దాంతో ఇంజిన్ లాగుడు సర్దుకుంటుంది గానీ బ్రేకుల సంగతి సర్దుకోదు.

వెనక బ్రేకుల్లో పైకి కనిపించని భాగం ఒకటుంది. చాలా పికప్‌లలో ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య చిన్న కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, పైకి లేస్తే తగ్గిస్తుంది. సస్పెన్షన్ ఎత్తి ఆ కడ్డీని సరిచేయకపోతే, నిండా లోడున్నా బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు కోసేస్తుంది. ఇక యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు మొదట బిగుసుకునేది బ్రేకు గొట్టం. తర్వాత హ్యాండ్‌బ్రేకు కేబులు, ఏబీఎస్ సెన్సర్ వైరు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సర్దుకునే స్లిప్ జాయింటు చాలకపోతే ఊడివస్తుంది. యాక్సిల్‌లోకి షాఫ్టు చేరే కోణం (పినియన్ కోణం) తప్పితే యూనివర్సల్ జాయింట్లు త్వరగా అరిగిపోతాయి. యాక్సిల్ మరీ కిందికి జారకుండా ఆపే లిమిట్ స్ట్రాప్ లేకపోతే యాక్సిల్ బరువంతా షాక్ అబ్సార్బర్ కడ్డీకే వేలాడుతుంది.

న్యాయ సలహాలో ఈ మెకానిక్ సంగతులెందుకంటే, ప్రమాదం జరిగితే మొదట మాట్లాడేది ఇవే. పోలీసులు బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు తనిఖీకి పంపుతారు. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదని ఆయన రాసే ఒక్క వాక్యం మామూలు కేసుల్లో యజమానికి పెద్ద అండ. దాని బదులు ‘వెనక సస్పెన్షన్ మార్చబడింది, బ్రేకు గొట్టం తెగి ఉంది’ అని ఎంవీఐ రిపోర్టులో పడితే, నిర్లక్ష్యానికి అదే సాక్ష్యమవుతుంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద అయిదేళ్ల దాకా శిక్ష పడే కేసు అది.

ప్రమాదం లేకపోయినా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 182ఎ(4) ఉంది. చట్టవిరుద్ధంగా బండి మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి: సస్పెన్షన్, టైర్లు, కోసిన బెడ్ విడివిడిగా లెక్కకు రావచ్చు. రోడ్డు భద్రతా ప్రమాణాలు ఉల్లంఘించిన బండి నడిపితే సెక్షన్ 190(2) వేరు: మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు అనర్హత. సెక్షన్ 53 కింద రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేసే అధికారం కూడా ఉంది. అలా చేస్తే 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు వేసుకోవాలి.

ఇన్సూరెన్స్ సంగతి రెండు భాగాలు. ఎదుటివారికి గాయమో, ప్రాణనష్టమో జరిగితే బండి మార్చారన్న ఒక్క కారణంతో కంపెనీ తప్పించుకోవడం తేలిక కాదు. 2019 సవరణ తర్వాత ఆ కారణాలు సెక్షన్ 150(2)లో పరిమితంగానే ఉన్నాయి. కానీ అందులో ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం ఒకటి, వ్యవస్థీకృత రేసింగ్‌లో వాడటం ఇంకొకటి. మార్పులు చేసి, చెప్పకుండా రెన్యువల్ చేసుకుంటే ఆ వాదనకు మీరే తలుపు తీసినట్టు. ట్రిబ్యునల్ కంపెనీ చేత బాధితులకు ఇప్పించి, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోమనవచ్చు. రెండోది మీ సొంత బండి నష్టం. బండిని మంచి స్థితిలో ఉంచాలన్నది పాలసీ షరతు. మార్పు చూపి క్లెయిము తిరస్కరిస్తారు. షరతు ఉల్లంఘన ఉన్నా 75 శాతం దాకా ఇవ్వవచ్చని అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది గానీ, అది బండిని అద్దెకు వాడిన కేసు. మార్చిన బ్రేకుల వల్లే ప్రమాదం జరిగిన చోట దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

‘సర్టిఫైడ్ కిట్’ అని గ్యారేజీ అంటే, పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి, కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లోని రూల్ 126 కింద బండ్లను పరీక్షించే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ నకలు అడగండి. అందులో మీ మోడల్ పేరు ఉండాలి. విదేశీ కిట్ డబ్బా మీది ముద్ర ఆర్టీఏ దగ్గర పనికిరాదు. అలాంటి సర్టిఫికెట్ ఉంటే, పని మొదలుపెట్టకముందే దానితో ఆర్టీఏకు దరఖాస్తు చేసి రాతపూర్వక అనుమతి తీసుకోండి. లోను పత్రం కూడా చదవండి. బ్యాంకు సమ్మతి లేకుండా బండి మార్చకూడదన్న షరతు సాధారణంగా ఉంటుంది.

ప్రైవేటు ట్రాక్ మీదే నడుపుతానంటారా? మూసి ఉన్న ఆవరణలో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక రకం బండి సెక్షన్ 2(28)లోని ‘మోటారు వాహనం’ నిర్వచనంలోకి రాదు. కానీ రిజిస్టరై, రోడ్డు మీద ట్రాక్‌కు నడిచివెళ్లే మీ పికప్‌కు ఆ మినహాయింపు దొరకదు. ఆ సరదా కోసం లోను లేని పాత బండి విడిగా పెట్టుకుని, ఫ్లాట్‌బెడ్ మీద తీసుకెళ్లి తీసుకురండి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా దించితే అటవీ చట్టం కింద ఇంకో కేసు.

ఈ పికప్‌తోనే వెళ్లాలంటే ఒరిజినల్ సైజులో ఆల్ టెరైన్ టైర్లు, అలసిపోయిన పట్టీల స్థానంలో అదే స్పెసిఫికేషన్ కొత్త సెట్టు, అదే పొడవు, అదే మౌంటింగు ఉన్న మంచి షాకులు వేయించుకోండి. అరిగిన భాగాన్ని అలాంటిదానితోనే మార్చడం ఆల్టరేషన్ కాదు. ఇసుకలో, రాళ్లలో గాలి 18–20 పీఎస్ఐకి దించి మెల్లగా నడిపితే పట్టు బాగా పెరుగుతుంది. రోడ్డెక్కేముందు తిరిగి నింపుకోవడానికి కంప్రెసర్ వెంట ఉంచుకోండి.

అడ్వాన్సు విషయానికొస్తే, అనుమతి అక్కర్లేదన్న మాట వాట్సాప్‌లో ఉంటే చెరిపేయకండి. సేవ గురించి తప్పుడు మాట చెప్పి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి. 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. డబ్బు తిరిగివ్వకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బండిని మార్చిన డీలరుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(1) కింద ఏడాది దాకా జైలు లేదా బండికి లక్ష రూపాయల జరిమానా పడవచ్చన్న మాట నోటీసులో ఒక వాక్యంగా రాయించండి. ఇప్పటికే పట్టీలు విప్పేసి ఉంటే పాత పట్టీలు, యూ బోల్టులు, షాకిల్స్, చక్రాలు తుక్కుకు వేయనివ్వకుండా ఫొటో తీసి ఇంటికి తెచ్చుకోండి. మళ్లీ ఒరిజినల్‌గా మార్చాల్సివస్తే అవే కావాలి.