గోడపత్రికలో ఎవరి బొమ్మ వేయిస్తావు?

చిరంజీవి తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని, చేరీ చేరగానే మనుషుల అక్రమ రవాణా మీద ఊరూరా అవగాహన సదస్సులు పెట్టే పని నీకే అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాని గొంతులో గర్వం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. నా సంగతీ అంతే. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో పనిచేసి రిటైరైన నాకు, మన ఇంటి పిల్ల మళ్ళీ అవే ఊళ్ళు తిరగబోతోందంటే ఛాతీ పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. జూలై నెలంతా, తప్పిపోయిన పిల్లలనూ పనిలో పెట్టిన పిల్లలనూ వెతికే పోలీసుల ఆపరేషన్ ముస్కాన్‌తో కలిసి తనిఖీలు, 30న ర్యాలీ, బాలికల వసతి గృహాల్లో ఉపన్యాసాలు, కళాజాత, కరపత్రాలు. ర్యాలీ చేయి, తప్పదు. ఆ రోజు ఐక్యరాజ్య సమితి ప్రకటించిన మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినం కాబట్టి పైనుంచి ఫోటోలు అడుగుతారు, పంపించు. సర్పంచ్‌కు ముందే కబురు పెట్టు. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను ముందు రోజే కలువు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నన్ను కలవరపెట్టింది గోడపత్రిక నమూనా. ముఖానికి ముసుగు వేసుకున్న మనిషి, మూలన ఏడుస్తున్న పాప, కింద పెద్ద అక్షరాలతో ‘అపరిచితులను నమ్మకండి’. ఈ బొమ్మ నీకు కొత్త కావచ్చు, నాకు కాదు.

2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్రమ రవాణాను అరికట్టడానికి ఒక విధానం ప్రకటిస్తూ జీవో ఇచ్చింది. కరువు కాలం అది. పనుల్లేక జనం పశువులను తెగనమ్ముకుంటున్నారు. ప్రచారానికి డబ్బు వచ్చింది, మార్చి దాటకముందే ఖర్చుపెట్టాలన్నారు. మా కార్యాలయంలో హడావిడిగా బొమ్మ గీయించారు. నల్ల కళ్ళద్దాలు, బుర్రమీసాలు, మెడలో రుమాలు, నోట్లో సిగరెట్టు. చూడగానే పిల్లలు జడుసుకునే మనిషి. పక్కన సంచి పట్టుకున్న అమ్మాయి. కింద రాసింది అచ్చం నీ మాటే. అలాంటి వాడు ఊళ్ళోకి వస్తే కుక్కలే తరిమేస్తాయని మాలో ఒక్కరికీ తోచలేదు. గోడపత్రిక బాగా వచ్చిందని మెచ్చుకుని మరిన్ని అచ్చు వేయించారు.

ఒక ఊళ్ళో సదస్సు గొప్పగా జరిగింది. కళాజాత వాళ్ళు పాడుతుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. ముందు వరుసలో కూర్చున్నావిడ మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మెడలో గొలుసు, చేతికి వాచీ, మాట తీరులో పట్నం పోకడ. ఆ ఊరి ఆడపడుచే, పుణేలో ఏదో వ్యాపారమని చెప్పింది. హాజరు పట్టికలో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన కొద్దిమందిలో ఆవిడ ఒకరు. మేము గోడపత్రిక అతికిస్తుంటే మైదా గిన్నె పట్టుకుని నిలబడింది కూడా.

ఆ సదస్సు చేసిన పని ఏమిటో తెలుసా? జనం భయపడ్డారు. హైస్కూలు పక్క ఊళ్ళో ఉండేది, దారిలో మనుషుల అలికిడి ఉండదు. బొమ్మలోని మీసాలవాడు ఆ దారిలోనే కాచుకుని ఉంటాడనుకున్నారు. వేసవి సెలవుల తరువాత ఆడపిల్లలు బడికి రాలేదు. ఇంట్లో కూర్చోబెట్టి ఎన్నాళ్ళని, సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. చేతిలో డబ్బు లేదు, కట్నం మాట తలచుకుంటేనే గుండె దడ. అప్పుడు మజ్జిగ ఇచ్చినావిడ ఒక సంబంధం తెచ్చింది. కుర్రాడికి పుణేలో ఉద్యోగం, కట్నం అక్కర్లేదు, పెళ్ళి ఖర్చు కూడా వాళ్ళదే. గుళ్ళో దండలు మార్పించి, రెండో రోజే పిల్లను రైలెక్కించారు. ఆ తల్లి మా హాజరు పట్టికలో వేలిముద్ర వేసిన మనిషి. మేము చెప్పినదంతా విన్నది, చెప్పినట్టే చేసింది. అపరిచితులను నమ్మలేదు, తెలిసినావిడనే నమ్మింది.

ఆ పిల్ల దొరికింది. అది వేరే కథ, కాగితం మీద రాసేది కాదు. దిక్కులేని ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే స్వధార్ గృహంలో కలిసినప్పుడు ఒక మాట అంది. “రైల్లో కూర్చున్నంతసేపూ ఆ బొమ్మలో మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని చూస్తూనే ఉన్నాను మేడమ్. వాడు కనబడలేదు. అందుకే భయం వేయలేదు.”

నేను ఇంకేమీ అడగలేకపోయాను. ఆ ఊరి బడి గోడ మీద గోడపత్రిక వానలకు చీకిపోయి, మీసాలు మాత్రం మిగిలి, చాలా కాలం ఉంది.

అందుకని అడుగుతున్నాను, ఎవరి బొమ్మ వేయిస్తావు? నన్నడిగితే బొమ్మే వద్దు. మనుషులు అడగవలసిన ప్రశ్నలు వేయించు. కట్నం లేకుండా దూరపు సంబంధం వస్తే, పెళ్ళికి ముందు ఇద్దరు పెద్దలు వరుడి ఊరికి వెళ్ళి ఇల్లు చూసి వచ్చారా? పెళ్ళి రిజిస్టరు చేయిస్తామంటే వాళ్ళ ముఖం ఎలా మారింది? పని ఇప్పిస్తామంటే యజమాని పేరేమిటి, ఊరేమిటి, ఆ చిరునామా తల్లి దగ్గర రాసి ఉందా? దారి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, ఎందుకు? ఇవి అడిగితే దళారి కోప్పడతాడు. ఆ కోపమే గుర్తు అని చెప్పు. సదస్సు అయ్యాక పిల్లలను బడి మాన్పించే తల్లిదండ్రులు ఎందరో ఒక నెల తరువాత వెళ్ళి హాజరు పట్టీ చూసుకో. నీ ప్రచారం పని చేసిందో, ఎదురుతిరిగిందో అక్కడ తెలుస్తుంది, ఫోటోల్లో కాదు.

ఇంకొకటి. నీ ప్రణాళిక మొత్తం ఆడపిల్లల చుట్టూనే తిరుగుతోంది. మగపిల్లలు ఏమయ్యారు? 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు తనిఖీ చేస్తే గాజుల తయారీ గదుల్లో రెండు వందలకు పైగా పిల్లలు దొరికారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చిన మగపిల్లలే. అడవిలో కాదు, ఇళ్ళ మధ్య. పిల్లలను పంపే ఊళ్ళలోనే కాదు, వాళ్ళను దాచే వీధుల్లోనూ సదస్సు పెట్టాలి. అద్దెకు గది ఇచ్చినవాడు, పాలు పోసేవాడు, కిరాణా కొట్టువాడు నీ శ్రోతలు కావాలి. మీ జిల్లాలో ఇటుక బట్టీలు ఉంటే మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు గురించి అడుగు. అప్పు కింద కుటుంబం మొత్తాన్ని కట్టిపడేస్తే అది వెట్టి. 1976 నుంచే చట్టం దాన్ని రద్దు చేసింది. వెట్టి నుంచి విడిపించామని అధికారులు ఇచ్చే విముక్తి పత్రం చేతికి వస్తే పునరావాస సాయం ఉంది. 2016 పథకం ప్రకారం అక్రమ రవాణా వంటి దారుణమైన కేసుల్లో 3 లక్షల దాకా. పత్రం లేకుండా వాళ్ళను బండి ఎక్కించి సొంతూరికి పంపేస్తే, మరుసటి ఏడాది అదే బట్టీలో చూస్తావు.

చదువుకున్న కుర్రాళ్ళ సంగతి కూడా మరచిపోకు. మా కాలంలో లేనిది ఇది. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని తీసుకెళ్ళి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోనో, కంబోడియాలోనో గదుల్లో బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం విమానాలు పంపి వందల మందిని వెనక్కి తెచ్చింది. వాళ్ళలో తెలుగు పిల్లలూ ఉన్నారు. కాబట్టి వసతి గృహాలతో ఆగకుండా ఇంజనీరింగ్ కాలేజీలకూ వెళ్ళు. విదేశాలకు పంపే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చని, జీఎస్టీ కాక 30 వేల రూపాయలకు మించి ఫీజు తీసుకునే హక్కు వాడికి లేదని చెప్పు. లక్షలు కట్టిన తండ్రులు ఆ మాట వినగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర మాత్రం ‘వెళ్ళవద్దు’ అనకు. ఆ మాట అనడానికి మనమెవరం? వాళ్ళ ఇంట్లో పొయ్యి మనం వెలిగించడం లేదు. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్ళలోపు మహిళను ప్రభుత్వం ఇంటిపనికి గల్ఫ్ పంపనివ్వదు. రక్షణ కోసమే పెట్టిన నిబంధన, కాదనను. దాన్ని తప్పించుకోవడానికే ఏజెంటు విజిట్ వీసా అంటగడతాడు. ఆ వీసా మీద దిగిన మనిషి అక్కడ పనిచేస్తున్నట్టు కాగితాల్లో ఎక్కడా ఉండదు, కష్టం వస్తే వెతకడానికి ఆధారమూ ఉండదు. వీసా మీద ఏ మాట రాసి ఉందో చదివించుకోవడం నేర్పు చాలు.

పోలీసు స్టేషన్ సంగతి సదస్సులో తప్పకుండా చెప్పాలి, స్టేషన్ వాళ్ళు నీ పక్కనే కూర్చుని ఉన్నా సరే. పిల్ల కనబడటం లేదని తండ్రి వెళితే, ‘ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది, నాలుగు రోజులు ఆగి రా’ అన్న మాట నేను చెవులారా విన్నాను. ఆ నాలుగు రోజుల్లో రైలు పిల్లను దేశం అవతలి కొసకు చేర్చేస్తుంది. పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరకకపోతే కేసు అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్ళాలి. ‘మా పరిధి కాదు’ అంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ అడగమను. ‘తన ఇష్టంతోనే వెళ్ళింది’ అంటే, బాధితుల సమ్మతి లెక్కకు రాదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతోందని నువ్వే చెప్పు. పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112, మహిళల కోసం 181 నంబర్లు కరపత్రంలో వేయించే ముందు, ఆ ఫోను ఎక్కడ మోగుతుందో, అర్ధరాత్రి ఎవరు ఎత్తుతారో, మీ జిల్లాలో ఎవరు బయలుదేరతారో తెలుసుకో. ఎత్తని ఫోను నంబరు ఇచ్చిన అధికారి మాట ఊరు మళ్ళీ వినదు.

ఫోటోల దగ్గర నీతో పోట్లాడక తప్పదు. కాపాడిన పిల్లలను వరుసగా నిలబెట్టి, కళ్ళకు నల్లగీత వేసి పత్రికలకు ఇస్తారు. ఊరివాళ్ళకు లంగా రంగు చూస్తే చాలు, ఎవరి పిల్లో తెలిసిపోతుంది. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం గుర్తు తెలిసేలా వివరాలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పై అధికారి ఎవరైనా అడిగితే ఆ సెక్షన్ మర్యాదగా చదివి వినిపించు. నీకు కోపం ముక్కు మీద ఉంటుంది, చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. గొంతు పెంచకు. చదివి వినిపించు, అంతే.

ఇక నా సొంత భయాలు. దొరికిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలన్న తొందరలో రాత్రిళ్ళు నువ్వొక్కదానివే జీపులో బయలుదేరతావని నాకు తెలుసు. మహిళా కానిస్టేబుల్ లేకుండా బండి ఎక్కకు. పిల్లను నీ స్కూటీ మీద అసలే ఎక్కించుకోకు. ఎవరైనా ఇంటి అడ్రసు అడిగితే కార్యాలయం అడ్రసు ఇవ్వు. ‘మీ నాన్నగారు ఎలా ఉన్నారు’ అని తెలియని మనిషి నవ్వుతూ పలకరిస్తే ఆ రోజే ఎస్పీ కార్యాలయంలో కాగితం ఇవ్వు. నన్ను ఒకడు అలా పలకరించాడు, అప్పుడు మీ అమ్మకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తిండి మానకు. పిల్ల నీతో మాట్లాడకపోతే బలవంతం చేయకు, పక్కన కూర్చో. నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తిరగనీ, సిగ్గుపడకు. ఇంటికి వచ్చాక ఏడుపు రాని రోజు వస్తే మాత్రం వెంటనే నా దగ్గరికి వచ్చి రెండు రోజులు ఉండు.

సదస్సు పగలు పదకొండింటికి పెట్టావు. ఆ వేళకు ఊళ్ళో ఉండేది ముసలివాళ్ళూ, దళారులూ. కూలికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చి అన్నం తిన్నాక, రాత్రి ఏడున్నరకు మార్చు. అంటే నువ్వు ఇంటికి చేరేసరికి పది దాటుతుంది. పెళ్ళి సంబంధాల గురించి మీ అమ్మకు నేను సర్దిచెబుతాను. ఈ రాత్రి ప్రయాణాల సంగతి మాత్రం నువ్వే చెప్పుకో, నా నోటితో చెప్పించకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ