ఎనమ్ పాఠం రాస్తున్న తమ్ముడికి

తిరుపతి

తమ్ముడూ,

ఎనమ్ మీద, అంటే ప్రోగ్రామ్‌లో అంకెల బదులు పేర్లతో రాసుకునే జాబితా మీద, నువ్వు రాసి పంపిన పాఠం చదివాను. ఉదాహరణలుగా పెట్టిన వారాల పేర్లు, రంగుల పేర్లు తీసెయ్. ప్రతి పాఠంలోనూ అవే ఉంటాయి, వాటితో ఎవరికీ పని పడదు. దామలచెరువు మామిడి మండీకి నువ్వు రాసిన ప్రోగ్రామ్ ఉంది కదా, దాంతో మొదలుపెట్టు. అందులో రకం 2 అయితే ఈ రేటు అని ఉంది. ఆ 2 నీలమో తోతాపురో ఆరు నెలలు పోతే నీకే గుర్తుండదు. అంకె బదులు పేరు పెట్టుకోవడం మంచిదని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పో.

జావా భాషలోకి ఎనమ్ 2004లో, వెర్షన్ 5తో వచ్చింది. అంతకు ముందు ఉత్త ఇంట్ కాన్‌స్టెంట్లే, అంటే మారని పూర్ణాంకాలే. రకం అడిగిన ఫంక్షన్‌కి పొరపాటున లోడు స్టేటస్ ఇచ్చినా, కోడ్‌ను ముందే తనిఖీ చేసే కంపైలర్ కిమ్మనేది కాదు, రెండూ అంకెలే కాబట్టి. ఎనమ్ అయితే అక్కడే పట్టేస్తుంది. సీ భాషలో ఈ కాపలా లేదు, అక్కడి ఎనమ్ లోపల ఇంటే. ఆ తేడా ఒక్క వాక్యంలో రాయి, చాలు.

నువ్వు అసలు రాయని సంగతి ఒకటుంది. ఎనమ్‌లో బేనిషా, తోతాపురి, నీలం అని రాశావు. వాటి వరస సంఖ్యలు 0, 1, 2. డేటాబేస్‌లోకి ఆ సంఖ్యలే పోతున్నాయి. రేపు ఎవరో బేనిషా పక్కన మల్లిక చేర్చారనుకో. పాత లోడుల్లో 1 అని ఉన్న తోతాపురి మొత్తం మల్లిక అయిపోతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. పల్ప్ ఫ్యాక్టరీకి పోయిన లారీ బిల్లులో మల్లిక అని పడ్డాక మండీలో గొడవ మొదలవుతుంది. జావా డేటాను డేటాబేస్‌లో దాచే జేపీఏలో నువ్వేమీ చెప్పకపోతే అది దాచేది ఈ వరస సంఖ్యనే, పేరే దాచాలంటే స్ట్రింగ్ అని మనమే రాయాలి. నన్నడిగితే ప్రతి రకానికీ ఎప్పటికీ మారని సొంత కోడ్ ఒకటి ఇవ్వడం ఇంకా మేలు. పేరు మార్చినా పాత లెక్కలు చెడవు. పాఠంలో సగం దీనికే ఇవ్వు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. మామిడి రకాలకు అసలు ఎనమ్ వద్దు. కొత్త రకం వచ్చినప్పుడల్లా మండీ ఓనర్ నీకు ఫోన్ చేయాలా? అవి డేటాబేస్ టేబుల్‌లో ఉండాలి, ఆయనే చేర్చుకుంటాడు. లోడు వచ్చింది, తూకం అయింది, డబ్బు ఇచ్చేశారు, ఇవీ ఎనమ్‌లో పెట్టాల్సినవి. వీటిలో ఒకటి పెరిగితే కోడ్ ఎలాగూ మార్చాలి.

మల్లికను మధ్యలో పెట్టి ఒకసారి నడిపి చూడు. వచ్చిన తప్పు బిల్లును పాఠంలో అలాగే చూపించు.

నీ అన్న