చీటీ పాడి గుల్మార్గ్ వెళ్లవద్దు

ప్రశ్న: మేము విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తులో ఉంటున్నాం. నేను ఆటోనగర్‌లోని ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను, నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఇద్దరికీ కలిపి నెలకు 1,10,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఖర్చులకు 48,000, గృహ రుణం వాయిదాకు 27,500, ఐదు లక్షల చీటీకి 20,000 పోతాయి. 2024 వరదలో పాడైన సామాను, బండ్ల కోసం 11 శాతం వడ్డీకి బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన 2 లక్షలు ఇంకా తీర్చలేదు. బ్యాంకులో 45,000 ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. పిల్లలకు 7, 4 ఏళ్లు. కశ్మీరు క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ నాలుగేళ్లకే స్కీయింగ్ (మంచు వాలుల మీద జారే ఆట) మొదలుపెట్టారని చదివి, మా పిల్లలకూ చిన్నతనంలోనే అలవాటు చేయాలని సంక్రాంతి సెలవుల్లో కశ్మీరులోని గుల్మార్గ్ తీసుకెళ్లాలనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంటుకు 20,000 అడ్వాన్సు ఇచ్చాం. మొత్తం 3,60,000 అవుతుందన్నారు. 14 శాతం వడ్డీతో 36 వాయిదాల్లో కట్టవచ్చట. 25 నెలల చీటీలో 9 నెలలు కట్టాం. ఇప్పుడు పాడుకుంటే 3,85,000 చేతికి వస్తుంది. చీటీ మన పొదుపే గనుక అప్పు లేకుండా వెళ్లినట్టవుతుందని నా ఆలోచన. ఏది మేలు? ఏటా వెళ్లాలంటే ఎంత దాచాలి?

జవాబు: ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కారు కొనడానికి, గృహప్రవేశానికి, పిల్లల ఫీజులకు చీటీ పాడుకున్నవారు తరచుగా కనిపిస్తారు. వారిలో చాలామంది మీలాగే తాము అప్పు చేయలేదనే నమ్మకంతో ఉంటారు. మీ ఉత్తరానికి విడిగా జవాబు రాయడానికి కారణం ఆ నమ్మకమే. మధ్యలో పాడుకున్న చీటీ అప్పే. అది తెలియకపోవడం వల్లనే మిగతా లెక్కలన్నీ మీకు తేలికగా కనిపిస్తున్నాయి.

చీటీని పాడకుండా చివరి వరకు ఉంచుకుంటే నిర్వాహకుల కమిషన్ 5 శాతం పోను మీకు 4,75,000 వస్తుంది. ఇప్పుడే తీసుకుంటే వచ్చేది 3,85,000. నెలవారీ వాయిదాలు రెండు సందర్భాల్లోనూ ఒకటే కాబట్టి, 16 నెలల ముందు డబ్బు చేతికి రావడానికి మీరు చెల్లిస్తున్న ధర 90,000 రూపాయలు. ఏడాది లెక్కన ఇది పదిహేడున్నర శాతానికి దగ్గరగా ఉంటుంది. మన వాడుకలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. మీరు భారంగా భావిస్తున్న బంగారం అప్పుకే వడ్డీ రూపాయి లోపు ఉంది. పైగా పాడని చీటీని ఇబ్బంది వచ్చినప్పుడు మరొకరి పేరుకు మార్చుకునే వీలుంటుంది, కాని పాడుకున్న తరువాత జామీనుదారుల సంతకాలు పడతాయి, మీరు ఒక్క నెల ఆలస్యం చేసినా ఫోన్ వారికి వెళుతుంది. సెలవుల సరదాకు స్నేహితులను జామీను అడగడానికి మీకు ఇబ్బందిగా అనిపించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఏజెంటు చూపించిన పద్ధతి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నెలకు 12,300 చొప్పున 36 నెలలకు 4,42,800 అవుతుంది. అంటే ఏడు రోజుల ప్రయాణానికి 82,800 వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము అదనం. మీ చిన్నబాబు ఒకటో తరగతి దాటే వరకు ఈ సంక్రాంతి వాయిదాలే కడుతూ ఉంటారు. రెంటిలో ఏది మేలని అడిగారు, రెండూ వద్దు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ కుటుంబానికి అత్యవసర నిధి లేదు. ఇంటి ఖర్చు, గృహ రుణం కలిపి మీకు నెలకు తప్పనిసరిగా కావలసింది 75,500. బ్యాంకులో ఉన్న 45,000 సరిగ్గా 18 రోజులకు వస్తుంది. ఒకరి ఉద్యోగం పోయినా, ఆరోగ్యం దెబ్బతిన్నా పందొమ్మిదో రోజున మీరు మళ్లీ బంగారం దుకాణం గడప ఎక్కాలి, కాని ఆ బంగారం ఇప్పటికే అక్కడ ఉంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు, మీకు ఒకసారి జరిగినదే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25,000 ఇచ్చింది. ఫ్రిజ్జు, పరుపులు, బండ్ల ఇంజన్లు కలిపి చూస్తే చాలా కుటుంబాలకు అది ఏ మూలకూ చాలలేదు. మీకు తక్కువ పడిన డబ్బు 2 లక్షల తాకట్టుగా మారింది, ఏటా 22,000 వడ్డీ కట్టి దాన్ని తిరగరాయిస్తున్నారు. వరద అప్పు తీరలేదు, వరద వచ్చే ఇల్లూ మారలేదు. అలాంటి ఇంట్లో ఉంటూ ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా మంచు క్రీడలకు 3,60,000 కేటాయించడాన్ని నేను ఏ లెక్కలోనూ సమర్థించలేను.

ఆరు నెలల తప్పనిసరి ఖర్చు 4,53,000. చీటీ పాడుకుంటే ఆ 20,000 వాయిదా కూడా తప్పించుకోలేని ఖర్చుగా మారుతుంది కాబట్టి కావలసిన నిధి 5,73,000కు పెరుగుతుంది. అంటే పాట వల్ల 90,000 పోవడమే కాక, మీ రక్షణకు అవసరమైన మొత్తం కూడా ఒక్కసారిగా 1,20,000 పెరుగుతుంది. చీటీ పాట దగ్గర ఈ రెండో లెక్క ఎవరూ చెప్పరు.

ఈ నిధి ఉద్యోగం పోయినప్పుడే అక్కరకు వస్తుందనుకోకండి. స్కీయింగ్ ప్రయాణానికి కూడా చేతిలో అదనపు డబ్బు ఉండి తీరాలి, ఎందుకంటే టికెట్టు కొన్నంత మాత్రాన మంచు కురుస్తుందన్న హామీ లేదు. 2024 జనవరిలో చాలా రోజుల పాటు గుల్మార్గ్ వాలులు మంచు లేక బోడిగా కనిపించాయి, నెలాఖరు వరకు సరైన మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలనే మంచు చాలక వాయిదా వేసి మార్చిలో నిర్వహించారు. ఇందుకు భిన్నంగా మంచు ఎక్కువ పడిన రోజుల్లో శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి, టంగ్‌మార్గ్ నుంచి పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది, హోటల్లో రెండు రాత్రులు అదనంగా ఉండవలసి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత కశ్మీరు ప్రయాణాలు ఎందరు రద్దు చేసుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. పైసా మిగలకుండా చీటీ డబ్బంతా ప్యాకేజీకి కట్టిన కుటుంబం అక్కడ చిక్కుకుంటే మిగిలే దారి క్రెడిట్ కార్డు గీకడమే. ప్రయాణ ఖర్చు మీద కనీసం 15 శాతం విడిగా చేతిలో లేనిదే బయలుదేరకూడదు.

సంక్రాంతి సమయాన్ని ఎంచుకోవడం కూడా పొరపాటే. పండుగ రోజుల్లో గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగానో హైదరాబాదు మీదుగానో శ్రీనగర్ వెళ్లే టికెట్ల ధర మండిపోతుంది. కశ్మీరులో అది డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే చిల్లై కలాన్ చలికాలం, మనవైపు పిల్లలు తట్టుకోవడం కష్టం. ఫిబ్రవరిలో మంచు నిలకడగా ఉండే అవకాశం ఎక్కువ. ఏడేళ్ల పిల్లవాడు వారం రోజులు బడి మానితే అతని చదువేమీ మునిగిపోదు.

ఆరిఫ్ ఖాన్ ప్రస్తావన తెచ్చారు గనుక ఒక మాట. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు భారత్ నుంచి వెళ్లిన ఏకైక క్రీడాకారుడు ఆయన. ఆయన గుల్మార్గ్ కిందనే పుట్టి పెరిగారు, తండ్రికి అక్కడే స్కీ సామాను దుకాణం ఉంది. ప్రతి చలికాలం ఇంటి ముందే మంచు ఉండే పిల్లవాడికి నాలుగేళ్ల వయసు ఆరంభం కావచ్చు. ఏడాదికి ఐదు రోజులు మంచు చూసే సింగ్‌నగర్ పిల్లవాడు ఒక సంవత్సరం ముందు మొదలుపెట్టాడా, తరువాతా అన్నది పెద్ద తేడా తీసుకురాదు. నాలుగేళ్ల పిల్లలు బరువైన బూట్లతో గంటకు మించి వాలు మీద నిలవరు, తరువాత మంచులో ఆడుకుంటారు. ఆ ఆట కోసం రోజంతా ఉండే శిక్షకుడికి మీరు డబ్బు కడుతున్నారు. ఐదారేళ్లు వచ్చాక కాళ్లలో బలం, చెప్పింది వినే ఓపిక రెండూ కుదురుతాయి. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించుకోవడం అనే మొదటి పాఠం రెండు మూడు రోజుల్లో వస్తుంది. ప్రయాణం కోసం ఆగే కాలంలో ఇద్దరినీ వరుస చక్రాల (ఇన్‌లైన్) స్కేటింగ్‌లో చేర్పించండి. ఒంటి కాలి మీద బరువు మార్చుకోవడం, భయపడకుండా పడి లేవడం అక్కడే అలవాటవుతాయి, ఫీజు మీ నెల బడ్జెట్‌లో ఇమిడిపోతుంది.

బీమా సంగతి మీరు అడగలేదు, కాని చెప్పక తప్పదు. కంపెనీ ఇచ్చే 3 లక్షల రక్షణ ఉద్యోగంతో పాటే పోతుంది. నలుగురికీ కలిపి సొంతంగా 10 లక్షల ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు. సాహస క్రీడల్లో గాయమైతే క్లెయిమ్ రాదని చాలామంది అనుకుంటారు. ఆరోగ్య బీమాల్లో ఉండే ప్రామాణిక మినహాయింపు వృత్తిరీత్యా ఆ క్రీడల్లో పాల్గొనేవారికి మాత్రమే వర్తిస్తుంది. అయితే ప్రమాద బీమా, ప్రయాణ బీమాల షరతులు వేరుగా ఉంటాయి. స్కీయింగ్ అన్న పదం వాటిలో ఎక్కడ ఉందో, శిక్షకుడి పర్యవేక్షణ ఉండాలన్న నిబంధన ఉందో లేదో సంతకానికి ముందే చదవండి. గుల్మార్గ్‌లో ఎముక విరిగితే చికిత్సకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని శ్రీనగర్ చేరాలి.

ఇప్పుడు మీ ప్రణాళిక. నెలకు మిగిలే 14,500లో 3,000 బీమా ప్రీమియానికి పక్కన పెట్టి, 11,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. చీటీని చివరి వరకు కొనసాగించండి. 16 నెలలకు ఆ డిపాజిట్ 1,84,000, ఇప్పుడున్న 45,000, చీటీ నుంచి 4,75,000 కలిపి 7,04,000 అవుతుంది. అందులో బంగారం అప్పు 2 లక్షలు, ఈలోపు దాని వడ్డీ సుమారు 29,000 తీసివేస్తే 4,75,000 నిలుస్తుంది. తాకట్టు విడిపోతుంది, ఆరు నెలల నిధి పూర్తవుతుంది. ఆ నిధిని ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా, ఒకటి రెండు నెలల ఖర్చును పొదుపు ఖాతాలో ఉంచండి. షేర్లలో, ఫండ్లలో పెడతానని మళ్లీ ఉత్తరం రాయకండి.

ఆ తరువాత చీటీకి కట్టే 20,000 కూడా చేతిలో మిగులుతుంది కాబట్టి నెలకు 31,500 చొప్పున పది నెలల్లో 3,15,000 చేరుతుంది. అంటే రెండు చలికాలాలు ఆగి మూడో చలికాలంలో వెళతారు. అప్పటికి పిల్లలకు 9, 6 ఏళ్లు, ఇద్దరికీ కలిపి ఒకే శిక్షకుడు సరిపోతాడు.

ఆ డబ్బు 3,60,000 ప్యాకేజీకి చాలదు, కాని అందులో నాకు అనవసరంగా కనిపించినవి కొన్ని ఉన్నాయి. పిల్లల స్కీలు, బూట్లు కొనడం వృథా. మరుసటి ఏడాదికి పాదం పెరుగుతుంది. వాటిని, హెల్మెట్లను అక్కడే అద్దెకు తీసుకోండి, హెల్మెట్ మాత్రం తప్పనిసరి. సొంతంగా కొనవలసినవి లోపలి ఉన్ని దుస్తులు, నీరు పట్టని చేతి తొడుగులు, కళ్లద్దాలు. కొత్తగా నేర్చుకునేవారు కేబుల్ కారు కింది భాగంలోని చిన్న వాలుల మీదే ఉంటారు కాబట్టి అఫర్వత్ కొండ మీదికి రెండో దశ టికెట్లను రోజూ తీసుకోవలసిన పని లేదు. చూడాలనుకుంటే ఒక రోజు వెళ్లి రండి. ఉత్తరాఖండ్‌లోని ఔలి కూడా బాగుంటుంది, కాని 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వే ఆగిపోయింది, వెళ్లే ముందు కనుక్కోండి. మనాలి దగ్గర సోలాంగ్ మంచులో ఆడుకోవడానికి చాలు. విదేశాల మాట ఇప్పుడు వద్దు.

ఏటా వెళితే నెలనెలా మిగిలేదానిలో ఎక్కువ భాగం దానికే పోతుంది, మీ ఆదాయానికి అది తగదు. రెండేళ్లకు ఒకసారి అనుకుంటే నెలకు 12,000 నుంచి 13,000 చాలు, పిల్లల చదువులకు దాచే డబ్బును ముట్టుకోనక్కరలేదు.

ఏజెంటుకు ఇచ్చిన అడ్వాన్సు కోసం రద్దు నిబంధనలను రాతపూర్వకంగా అడిగి, తిరిగి వచ్చినంత తీసుకోండి. మొత్తం 20,000 పోయినా సరే, అది పోతుందన్న బాధతో 90,000 నష్టానికి చీటీ పాడకండి.