తమ్ముడి సాక్ష్యానికి ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడుగు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

చెవులు వినబడని తమ్ముడికి సాక్షి సమన్లు వచ్చాయనీ, వాడి సైగల్ని నువ్వే కోర్టులో మాటల్లో చెబుతానంటున్నావనీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ పని మాత్రం చేయకమ్మా. నువ్వెంత నిజాయితీగా చెప్పినా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు "ఇవి అక్క మాటలు" అన్నాడంటే వాడు కళ్ళారా చూసిందంతా అనుమానంలో పడుతుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, 125వ సెక్షన్ చూడు. మాట్లాడలేని సాక్షి కోర్టులో సైగలతో చెప్పినా, రాసి చెప్పినా అది నోటితో చెప్పినట్టే లెక్క. అలాంటప్పుడు కోర్టు ఇంటర్‌ప్రెటర్‌నో, అంటే సైగల్ని మాటల్లో చెప్పేవాళ్ళనో, ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌నో పెట్టుకోవాలి, వీడియో కూడా తీయించాలి.

వాయిదా రోజు దాకా ఆగొద్దు. సమన్లు, వాడి యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) జిరాక్సులు తీసుకెళ్ళి, ప్రభుత్వం తరఫున వాదించే పీపీ గారిని కలిసి కోర్టులో మెమో (విన్నపం కాగితం) వేయమను. ఇంటర్‌ప్రెటర్, వీడియో రెండూ కావాలనీ, ఖర్చు మీ మీద పడకూడదనీ అందులో ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ కూడా రాయించు. అక్కడ పని జరగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళు. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. ఫోన్ 15100. "మా కోర్టులో ఇలాంటి అలవాటు లేదు" అంటే, 2023లో సారా సన్నీ అనే బధిర న్యాయవాది ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టు ముందుకే వచ్చిందని చెప్పు.

"చదువుకున్నాడుగా, కాగితం మీద రాయిస్తే పోలేదా" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఒప్పుకోవద్దు. పుట్టు చెవిటి పిల్లల్లో చాలామందికి తెలుగు రాత రెండో భాషే. బధిరుల బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ చూశాను, తెలివైన పిల్లలు కూడా విభక్తుల దగ్గర తడబడేవారు. ఎవరు ఎవరిని కొట్టారన్నదే కేసైనప్పుడు, ఒక్క "ని" జారినా కొట్టినవాడు, దెబ్బలు తిన్నవాడు తారుమారైపోతారు.

ఇంటర్‌ప్రెటర్‌గా వచ్చే మనిషి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయినవాళ్ళేనా అని అడుగు. తమ్ముడు బడికి ఆలస్యంగా వెళ్ళాడు కదా, వాడి సైగల్లో సగం మన ఇంట్లో పుట్టినవే. కొత్తవాళ్ళకి అవి అందవు. అందుకే సాక్ష్యం మొదలయ్యే ముందు తమ్ముడూ ఇంటర్‌ప్రెటరూ కాసేపు కేసు ఊసు లేకుండా మాట్లాడుకునే వీలు కల్పించమని జడ్జిగారిని లాయరు చేత అడిగించు. వాడి పాత టీచరు పక్కన ఉండడానికి ఒప్పుకుంటే ఇంకా మేలు.

అన్నిటికంటే నాకు భయం వాడి తలూపుడు. బధిర పిల్లలు "చూస్తున్నాను, చెప్పు" అనడానికి కూడా తలూపుతారు. దాన్ని "అవును" అని రాసేస్తే సాక్ష్యం పాడవుతుంది. ఈ సంగతి లాయరుకీ ఇంటర్‌ప్రెటర్‌కీ ముందే చెప్పు. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పడం తప్పు కాదని వాడికీ నచ్చజెప్పు. ఇంటర్‌ప్రెటర్ వెనక కిటికీ వెలుతురు లేకుండా చూడు, చేతులు సరిగా కనబడవు. అరగంట దాటితే కాస్త విరామం అడగండి, ఇద్దరి కళ్ళూ అలసిపోతాయి.

మెమో వేశాక, దాఖలైన ముద్ర ఉన్న కాపీ నాకు వాట్సాప్ చేయి. వాడి పాత టీచరుతో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
అత్తయ్య