దొరలూ వారి జమాఖర్చులూ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

రష్యన్ భూస్వాముల మీద నీవు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పూనిక నచ్చింది, రాసిన తీరు మాత్రం పూర్తిగా నచ్చలేదు. మొదటి పుటలో ఒక దొర కొరడా పట్టుకుని వస్తాడు, ఆఖరి పుట దాకా దాన్ని దించడు. అటువంటివారు లేరని కాదు. దార్యా సల్తికోవా అనే ఆసామీ తన రైతులను చిత్రహింసలు పెట్టి చంపినట్టు రుజువై 1768లో ఆమెకు శిక్ష పడింది. కాని ఆమె కథ చెప్పి ఊరుకుంటే, రైతు మీద ఎన్నడూ చెయ్యెత్తని మంచి దొర ఎవరి కష్టంతో పుస్తకాలు కొన్నాడన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

వారిని నీవు జమీందార్లు అన్నావు. పాఠకుడికి వెంటనే అందే మాటే గాని, దాని వెంట మన పేష్కష్, మన దివాణం అన్నీ వచ్చి కూర్చుంటాయి. రష్యాలో వారిని పొమేష్చిక్‌లు అనేవారు. ఆ మాటకు మూలమైన పొమేస్త్యే అంటే జార్ చక్రవర్తికి కొలువు చేసినందుకు ఇచ్చిన భూమి. 1649 నాటి శాసనం రైతును భూమికి కట్టివేసినప్పుడు చెప్పుకోవడానికి ఒక న్యాయమైనా ఉండేది: దొర జార్‌కు ఊడిగం చేస్తాడు, రైతు దొరకు చేస్తాడు. 1762 ఫిబ్రవరి 18న మూడో పీటర్ దొరలను నిర్బంధ కొలువు నుంచి విడిపించాడు. భూములూ రైతులూ మాత్రం వారి చేతిలోనే ఉండిపోయారు. రైతుల విముక్తి ప్రకటన మీద రెండో అలెగ్జాండర్ సంతకం చేసింది 1861 ఫిబ్రవరి 19న. సరిగ్గా 99 ఏళ్ల మీద ఒక్క రోజు. ఈ రెండు తేదీలూ నీ వ్యాసంలో ఉన్నాయి, వేరువేరు పుటల్లో. వాటిని పక్కపక్కన పెట్టి చూడు.

ఆ 99 ఏళ్లలో దొరతనం ఎలా నడిచిందో తెలియాలంటే 1842లో వచ్చిన గొగోల్ నవల ‘మృతజీవులు’ మళ్లీ చదువు, ఈసారి కథ కోసం కాక లెక్క కోసం. దొర తన ఆస్తిని భూమి విస్తీర్ణంలో కన్నా ‘ఆత్మల్లో’, అంటే మగ రైతుల తలల లెక్కలో చెప్పుకునేవాడు. తలపన్ను కోసం జాబితా రాసిన తరువాత ఒక రైతు చనిపోతే, మళ్లీ జాబితా రాసేదాకా కాగితం మీద బతికే ఉండేవాడు, అతని పన్ను దొర నెత్తిన పడేది. నవలలో కథానాయకుడు చిచికోవ్ ఆ చచ్చిన పేర్లను చవగ్గా కొని, వాటిని తాకట్టు పెట్టి అప్పు తేవాలనుకుంటాడు. ఇందులో గొగోల్ కల్పించింది చచ్చినవారి తాకట్టును మాత్రమే, బతికున్నవారి తాకట్టు నిజం. 1850ల చివరికి దొరల కింద ఉన్న రైతుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ప్రభుత్వ రుణసంస్థల దగ్గర తాకట్టులో ఉన్నారు. కొరోబోచ్కా అనే వితంతువు దగ్గర బేరం చూడు. చచ్చినవాళ్లు ఇంటి పనికేమైనా పనికొస్తారేమోనని అనుమానపడుతుంది. ధర తెలియని సరుకు కదా, ఇంకో వర్తకుడు వచ్చేదాకా ఆగితే మేలేమోనని తటపటాయిస్తుంది. పోనీ జనుము కొనమంటుంది. చివరికి అమ్మి, మోసపోయానేమోనన్న బెంగతో ధర కనుక్కోవడానికి బండి కట్టించుకుని పట్నానికే వెళుతుంది. ఆ బేరంలో కొరడా ఎక్కడా లేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది అక్కడే.

గొంచరోవ్ నవలలోని దొర ఒబ్లోమోవ్ మీద నీవు రాసిన నాలుగు పుటలను ఒక పేరాకు దించు. సోమరితనం మీద ఉపన్యాసం అక్కరలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ తన మేజోళ్లు తాను తొడుక్కోలేదని ఆ మనిషి గొప్పగా చెప్పుకుంటాడు. తొడగడానికి సేవకుడు జఖార్ ఉన్నాడు. ఆ ఒక్క మాట రాస్తే చాలు.

ఈ దొరలను ఇలా విప్పి చూపినవారిలో చాలామంది దొరబిడ్డలే. ఆ సంగతి నీవు దాటేశావు. తుర్గేనెవ్ ‘ముము’ కథలోని మూగ సేవకుడు ఆయన తల్లి ఇంట్లో పని చేసినవాడే. చెహోవ్ సంగతి వేరు; ఆయన తాత దొర కింది రైతు, 1841లో డబ్బు కట్టి విడుదల కొనుక్కున్నవాడు. అందుకే కాబోలు, 1904 నాటి తన నాటకం ‘చెర్రీ తోట’లో తోటను వేలంలో కొన్న లోపాహిన్‌ను ఆయన దుర్మార్గుడిగా చేయలేదు. ఆ తోటలో తన తాతా తండ్రీ దాసులుగా బతికారని, వంటింట్లోకైనా రానిచ్చేవారు కాదని లోపాహిన్ చెప్పుకుంటాడు. నీవు ఆ ఘట్టం బాగానే పట్టుకున్నావు, ఫిర్స్‌ను మాత్రం వదిలేశావు. 87 ఏళ్ల ఆ సేవకుడు విముక్తిని ‘ఆ ఆపద’ అంటాడు, అప్పుడు గుడ్లగూబ కూసిందని గుర్తుచేసుకుంటాడు. ఒకప్పుడు ఆ తోట పళ్లను ఎండబెట్టి బళ్లకెత్తి మాస్కోకూ ఖార్కోవ్‌కూ పంపేవారట, డబ్బు కురిసేదట. ఎండబెట్టే పద్ధతి ఇప్పుడెవరికైనా వచ్చా అని దొరసాని అడిగితే, మరిచిపోయారు, ఎవరికీ గుర్తు లేదంటాడు. చివరికి అతన్ని ఆసుపత్రికి పంపామనుకుని అందరూ ఇంటికి తాళం వేసి వెళ్లిపోతారు. అతను లోపలే ఉంటాడు.

తిరగరాసి పంపు. ఫిర్స్ వచ్చాడో లేదో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో